తెలుగు వంటింటి వస్తుపరిణామం: పదజాల సాక్ష్యం

ఉపోద్ఘాతం

వంటింటిని తిరిగి కట్టుకోదలచిన కుటుంబం నేడు కొన్ని ప్రశ్నలు వేసుకుంటుంది. గట్టుకు ఏ రాయి వేయాలి? గ్యాస్ పొయ్యి ఉంచాలా, కరెంటు పొయ్యికి మారాలా? పాత రుబ్బురోలును ఏం చేయాలి? ఇవి కొత్త ప్రశ్నలుగా కనిపించినా రాయి, లోహం, నిప్పు అనే మూడింటి ఎంపిక తెలుగు ఇళ్లలో తరతరాలుగా జరుగుతూనే ఉంది.

వంటింటి చరిత్రను సాధారణంగా సాధనాల వరుసగా చెప్పడం అలవాటు. కట్టెల పొయ్యి, కిరోసిన్ స్టవ్వు, గ్యాసు. మట్టి, ఇత్తడి, స్టీలు. ఈ వరుసలో వస్తువు కనిపిస్తుంది గాని దాని వెంట నడిచిన చాకిరి కనిపించదు. ఒక వస్తువు రాకతో ఏ పని తగ్గింది, ఏది మిగిలింది, ఎవరి ఒంటి మీద మిగిలింది అనే విషయాలను వాడుకలోని మాటలు పట్టి ఇస్తాయి. ఆ సాక్ష్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పులుపు: పాత్ర, గట్టు

తెలుగు వంటలో చింతపండుకున్న స్థానం పాత్రల ఎంపికను చాలావరకు నిర్ణయించింది. ఇత్తడికి, రాగికి పులుపు తగిలితే చిలుము పడుతుంది. అందువల్ల పులుసుకు మట్టికుండను గాని రాచ్చిప్పను గాని వాడారు. రాచ్చిప్ప మెత్తని బలపపు రాతిని తొలిచి చేసిన పాత్ర. దానికి పులుపు అంటదు. నెమ్మదిగా వేడెక్కి, దించిన తరువాత కూడా చాలాసేపు వేడిని నిలుపుకుంటుంది. ‘రాతిచిప్ప’ వ్యవహారంలో ‘రాచ్చిప్ప’గా కుదించుకుపోవడమే ఆ పాత్ర నిత్యోపయోగానికి గుర్తు.

ఇత్తడి గిన్నెలో పులుపు వండాలంటే లోపల తగరపు పూత ఉండాలి. ఆ పూత పేరు కళాయి. కళాయి వేసేవారు వీధిలోనే కొలిమి పెట్టి, తిత్తితో నిప్పు రాజేసి, గిన్నెను కాల్చి పూత పూసేవారు. పూత అరిగినప్పుడల్లా మళ్లీ వేయించాలి. అంటే ఇత్తడిని ఎంచుకోవడం ఒక్కసారితో తీరే ఖర్చు కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు ఈ అవసరాన్ని తొలగించింది. అందులోని క్రోమియం వల్ల ఉపరితలం మీద పలుచని రక్షక పొర దానంతటదే ఏర్పడుతుంది. పాత ఇత్తడి సామాను ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకోవడం ఇంటింటా జరిగింది. కళాయి పనివారి జీవనోపాధి క్రమంగా క్షీణించింది. మాట మాత్రం పోలేదు. నేటి వంటల వివరణల్లో ‘కళాయి’ అంటే మూకుడు. ‘కడాయి’తో ఉన్న ధ్వనిసామ్యం ఇందుకు తోడ్పడి ఉండవచ్చు. పూత అనే అర్థం వెనుకబడి, పాత్ర అనే అర్థం ముందుకు వచ్చింది.

గట్టు రాయికీ ఇదే పరీక్ష ఎదురైంది. కడప బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ సున్నపురాతి జాతికి చెందినవి. చింతపండు రసమో నిమ్మరసమో ఒలికి కాసేపు నిలిస్తే వాటి నునుపు చెడి మచ్చ పడుతుంది. గ్రానైటులో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు వంటింటి పులుపుకు లొంగవు. గ్రానైటు గట్టు పైకి ఎక్కగా, కడప బండ గట్టు కింది అరలకు దిగింది. ఇక్కడ పేర్లు గమనింపదగినవి. పాత రాళ్లను తీసిన ఊరి పేరుతోనే పిలిచారు. చీమకుర్తి క్వారీల నుండి వచ్చే రాయి ‘బ్లాక్ గెలాక్సీ’ అయింది. కరీంనగర్ ప్రాంతపు రాయి ‘టాన్ బ్రౌన్’ అయింది. ఎగుమతి విపణి పెట్టిన పేర్లతోనే ఈ నేల రాయి ఈ నేల వంటింటికి తిరిగి వచ్చింది.

పొగ: పొయ్యి, ఎసరు

కట్టెల పొయ్యిలో పొదుపు లేదని చెప్పడం తొందరపాటు. పెద్దపొయ్యికి ఆనించి కట్టిన చిన్నపొయ్యి కోడిపొయ్యి. పెద్దపొయ్యి నుండి మళ్లిన సెగతో దాని మీద పప్పో పాలో కాగేవి. కోడిపొయ్యి వేడిని ఆదా చేసింది గాని పొగను బయటికి పంపలేదు. ఆ సమస్యపై హైదరాబాదులోనే ముఖ్యమైన కృషి జరిగింది. హైదరాబాదు ఇంజినీరింగ్ పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి. రాజు అనేక పాత్రలు పట్టే మట్టిపొయ్యిని, పొగగొట్టంలో వెడల్పును సర్దుకునే లోహపు రేకును ప్రచారంలోకి తెచ్చారు. 1953లో వెలువడిన ఆయన పుస్తకం పేరు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’. సెగను ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మళ్లించే ఈ పద్ధతి, మూలసూత్రంలో కోడిపొయ్యికి దగ్గరిది. ఇంటి ఆడవారికి తెలిసిన విద్యకే పొగగొట్టం తోడైంది.

వంటగ్యాసు మన దేశంలో 1955లో బొంబాయిలో అమ్మకానికి వచ్చింది. పేద ఇళ్లకు చేరడానికి చాలా కాలం పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి దీపం పథకం, 2016 నాటి ఉజ్జ్వల పథకం కనెక్షన్లను విస్తరింపజేశాయి. అయినా సిలిండరు ధర భారమైన ఇళ్లలో నీళ్లు కాచే కట్టెల పొయ్యి పెరట్లో నిలిచే ఉంది.

గ్యాస్ వచ్చినా ‘పొయ్యి’ అనే నామం చెక్కుచెదరలేదు. క్రియలు మాత్రం మారాయి. రాజేయడం, ఊదడం, ఎగదోయడం పోయి వెలిగించడం మిగిలింది. కట్టెను లోపలికి జరిపే ‘ఎగదోయడం’ ఇప్పుడు ఒకరిని మరొకరి మీదికి ఉసిగొల్పడం అనే అర్థంలోనే ఎక్కువగా వినిపిస్తుంది.

‘అత్తెసరు’ కథ ఇంకా విశేషమైనది. గంజి వార్చే అవసరం లేకుండా, సరిపడా నీటితోనే అన్నం వండడం అత్తెసరు. 1959లో హాకిన్స్, ప్రెస్టీజ్ కుక్కర్ల తయారీ దేశంలో మొదలైంది. కుక్కరులో వండే అన్నమంతా పద్ధతి రీత్యా అత్తెసరే. అయితే పద్ధతి ఇంటింటికీ వ్యాపించిన కాలంలోనే మాట వంటింటిని విడిచింది. నేడది చాలామందికి ‘అత్తెసరు మార్కుల’ ద్వారానే తెలుసు. గంజి వార్పు పోవడంతో పశువుల కుడితిలోకి, బట్టలకు పెట్టడానికి వాడిన గంజి కూడా పోయింది.

నడుము: నేల నుండి గట్టుకు

పాత వంటిల్లు నేల మట్టానిది. పొయ్యి, కత్తిపీట, సన్నికల్లు అన్నీ కూర్చుని పనిచేసే సాధనాలు. పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలన్న భద్రతా నియమం గట్టును తప్పనిసరి చేసింది. గ్యాస్ వంట మనిషిని నేల నుండి లేపింది. కత్తిపీట చాకుకు చోటిచ్చింది.

రాతి సాధనాలకు వేర్వేరు క్రియలుండేవి. రోట్లో దంచడం, రుబ్బురోట్లో రుబ్బడం, సన్నికల్లు మీద నూరడం, తిరగలితో విసరడం. కోయంబత్తూరులో 1955 ప్రాంతంలో రూపొందిన గ్రైండరు, 1960లలో వచ్చిన మిక్సీ ఈ పనులను మోటారుకు అప్పగించాయి. నేడు చాలా ఇళ్లలో నాలుగింటికీ కలిపి ‘మిక్సీ వేయడం’ ఒక్కటే. పదజాల దృష్టితో ఇది నష్టం. అయితే ఆ నాలుగు క్రియల వెనుక ఉన్నది ఒకే భుజం, ఒకే నడుము. మాట పోయినందుకు కలిగే విచారం, చాకిరి పోయినందుకు విచారంగా మారకూడదు.

గట్టు కూడా సమస్యను పూర్తిగా తీర్చలేదు. వాస్తు వంటగదికి ఆగ్నేయ దిశను, వంటకు తూర్పుముఖాన్ని నిర్దేశిస్తుంది. ఆ నియమాలను ఇంటింటా శ్రద్ధగా పాటిస్తారు. గట్టు ఎత్తు మాత్రం మేస్త్రీ అలవాటు చొప్పున సుమారు 80 నుండి 85 సెంటీమీటర్లకు స్థిరపడింది. మోచేతికి కొంచెం దిగువన ఉండవలసిన గట్టును వండే మనిషిని నిలబెట్టి కొలవడం అరుదు. పొడగరి వంగాలి, పొట్టి మనిషి భుజాలెత్తాలి. గ్యాసు, కుక్కరు, మిక్సీ మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడిన తరువాతనే స్త్రీవాద కవిత్వం వంటింటిని ప్రశ్నగా ముందుకు తెచ్చింది. విమల ‘వంటిల్లు’ కవిత అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. వస్తువులు మారినా వాటి ముందు నిలిచే మనిషి మారలేదన్న గ్రహింపునకు ఈ కాలక్రమమే ఆధారం.

ముగింపు

తెలుగు వంటింటి ఎంపికలను పులుపు, పొగ, నడుము అనే మూడు కొలతలు నడిపించాయి. మొదటి దానికి రాయి, లోహం సమాధానం చెప్పాయి. రెండవదానికి సమాధానం డబ్బున్న ఇళ్లకు ముందుగా, లేని ఇళ్లకు ఆలస్యంగా అందింది. మూడవది ఇంకా తేలలేదు. వంటింటిని తిరిగి కట్టే వేళ పాత సామానుతో పాటు మాటలూ గడప దాటుతాయి. వ్యవసాయ పదాలతో 1962లో మొదలైన మాండలిక వృత్తిపదకోశాల పద్ధతిని వంటపనికి అన్వయించి, సాధనం పేరుతో పాటు దాని చుట్టూ ఉన్న క్రియను, పనిచేసే భంగిమను, పట్టే సమయాన్ని నమోదు చేయవలసి ఉంది. కోడిపొయ్యి మీద వండిన చేతులు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. సేకరణ వారితో మొదలుకావాలి.