నిరీక్షణ అంటే ఎదురుచూడటమేనా?



తెలుగు బైబిలులో ఆశను 'నిరీక్షణ' అంటారు. మామూలు మాటల్లో నిరీక్షణ అంటే ఎదురుచూడటమే కదా! బడినుంచి రావలసిన బిడ్డ కోసం, దూరాన ఉన్నవారి కబురు కోసం, ఒకటో తారీకు కోసం ఎదురుచూడటం మనకెవరూ నేర్పనక్కరలేదు. మరి దేవుని వాగ్దానాన్ని నమ్మి ఎదురుచూడటమంటే చేతులు ముడుచుకుని కూర్చోవటమేనా? దీనికి ఒంగోలు చరిత్ర చక్కని జవాబు చెబుతుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరు వచ్చి పని మొదలుపెట్టారు. పదమూడేళ్ళు గడిచినా క్రైస్తవులైనవారు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో సభ జరిగినప్పుడు, ఈ మిషన్‌ను ఇక మూసివేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. మిషన్ పటంలో ఏకాకిగా ఉన్న ఆ కేంద్రానికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు నిలిచింది. చివరకు మూసివేయకూడదనే తీర్మానించారు.

1854 జనవరి 1వ తేదీ వేకువజామున ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. లైమన్ జువెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు స్త్రీలే. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అందరూ ప్రార్థించారు. ఆ సేవకుడు వచ్చేసరికి పన్నెండేళ్ళు పట్టింది!

ఆ పన్నెండేళ్ళూ ఊరికే కూర్చున్నారా? లేదు. జువెట్ గారు నెల్లూరు పని విడువలేదు. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్ళినా, అక్కడా ఈ మిషన్‌ను నిలపమనే వేడుకున్నారు. 1865లో జాన్ క్లౌ దంపతులతో కలిసి తిరిగి వచ్చారు. మరుసటి ఏడే క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు.

అసలు పరీక్ష 1876-78 కరువు. వానలు లేవు, పొలాలు ఎండాయి, ఎందరో ప్రాణాలు విడిచారు. సర్వేయరు పని తెలిసిన క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. అంటరానివారని ఊరు వెలివేసిన మాదిగలు వేలాదిగా వచ్చి మట్టి మోసి కూలి తెచ్చుకున్నారు. పని మధ్య తెరిపి దొరికినప్పుడు బోధకులు వారి పక్కనే కూర్చుని క్రీస్తు మాటలు చెప్పేవారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా కరువు రోజుల్లో క్లౌ గారు ఇవ్వలేదు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదు, తిండి ఆశ చూపి నమ్మకాన్ని కొనకూడదు అని ఆయన పట్టుదల. సహాయం పంచటం ముగిశాకనే తలుపు తెరిచారు. అప్పటికీ జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వాగ్దానం కరువును ఆపలేదమ్మా. పోయినవారిని తిరిగి తేలేదు. కానీ ఊరిచివర బతుకులకు, 'నీవూ దేవుని బిడ్డవే' అన్న మాట తలెత్తుకునే ధైర్యమిచ్చింది. ఆ మాట చెప్పినవారు కూడా పలుగూ పారా వేసి పని చూపించాకనే చెప్పారు.

కాబట్టి మన ఇంట్లో జబ్బో, అప్పో, బిడ్డ ఉద్యోగమో ఏళ్ళ తరబడి తేలకపోతే దేవుడు మరచిపోయాడని అనుకోకండి. ప్రార్థన మానకండి. ప్రార్థించిన చేతులతోనే ఆ పూట పని అందుకోండి. నిరీక్షణ అంటే అదే.