తారీఖు మాత్రమే చెప్పిన జాకిర్



మా చెల్లెలి కొడుకు ఎనిమిదో తరగతి. బడిలో ‘మా ఊరి చరిత్ర’ రాసుకు రమ్మన్నారని నోట్‌బుక్కు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఇంట్లో తారీఖుల పిచ్చి ఉన్నోడిని నేనే కదా. రాజంపేట వరద గురించి చెప్పమన్నాడు. గడగడా చెప్పేశాను. 2021 నవంబర్ 19, శుక్రవారం. కార్తీక పౌర్ణమి. బాహుదా, పింఛా ఏర్లు కలిస్తే చెయ్యేరు. ఆ చెయ్యేరు మీద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు నీళ్ళపాలయ్యాయి. కార్తీక దీపాలు పెట్టడానికి గుడికి పోయినవాళ్ళు కొట్టుకుపోయారు. దారిలో ఆర్టీసీ బస్సులు చిక్కుకున్నాయి.

వాడు అన్నీ రాసుకుని, పెన్ను ఆపి అడిగాడు: “మామూ, ఆ రోజు మీరెక్కడున్నారు?”

నేనేం చెప్పానో తెలుసా? “ఒరే, నదులూ వరదలూ కాదు, సిద్ధవటం కోట గురించి రాయి, మార్కులు పడతాయి” అని మొదలుపెట్టాను. మయానా నవాబులు, 1779లో హైదర్ అలీ వచ్చి నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ని లొంగదీసుకోవడం, 1800లో నిజాం మన జిల్లాల్ని కంపెనీకి రాసివ్వడం. వాడు పాపం కాసేపు విని పుస్తకం మూసి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు జాకిర్ యాదొచ్చాడు.

జాకిర్ మా బంధువు కాదు, దోస్తు కాదు. ఇంతిజార్ హుసేన్ రాసిన ‘బస్తీ’ నవలలో కథానాయకుడు. ఇంతిజార్ సాహెబ్ ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ జిల్లా డిబాయిలో పుట్టి, 1947లో లాహోర్‌కి వెళ్ళిపోయినాయన. 2016లో అక్కడే కన్నుమూశాడు. ‘బస్తీ’ 1979లో వచ్చింది. 2013లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి తుది జాబితాలో ఆయన పేరుండేసరికి దునియా మళ్ళీ ఈ పుస్తకం వైపు తిరిగి చూసింది.

జాకిర్ లాహోర్‌లో తారీఖ్ చెప్పే ప్రొఫెసర్. నవల నడిచేది 1971లో. వీధుల్లో జులూసులు, నినాదాలు. తూర్పు పాకిస్తాన్ చెయ్యిజారిపోతోంది. డిసెంబర్‌లో యుద్ధం. జాకిర్ ఏం చేస్తాడు? చిన్నప్పటి రూప్‌నగర్‌లోకి వెళ్ళిపోతాడు. ఆ కోతులు, ఆ చెట్లు, ఆ గుడి, ఆ కర్బలా. యుద్ధం రోజుల్లో డైరీ రాయడానికి కూర్చుంటే మనసు 1857 ఢిల్లీకి పరుగెత్తుతుంది. దోస్తులతో కలిసి హోటల్లో టీ తాగుతాడు. వాళ్ళు మాట్లాడుతుంటే వింటాడు. అంతే.

పైకి చూస్తే జాకిర్ అంతా యాద్ పెట్టుకున్న మనిషే. పేరులోనే ఉంది కదా, జాకిర్ అంటే జిక్ర్ చేసేవాడు. కానీ అతనికి కావలసిన ఒక్క జిక్రే నోట్లోంచి రాదు. చిన్నప్పుడు కలిసి ఆడుకున్న సాబిరా హిందుస్తాన్‌లోనే ఉండిపోయింది. ఢిల్లీలో ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటోంది. పాత దోస్తు సురేంద్ర ఉత్తరం రాసి ఆమె సంగతి చెప్తాడు. జాకిర్ జవాబు రాయాలనుకుంటాడు. ఈరోజు, రేపు. పాతికేళ్ళుగా మోస్తున్న దర్ద్‌ని ‘నాది’ అనుకోవడానికి అతనికి ధైర్యం లేదు. చచ్చిపోయే ముందు తండ్రి రూప్‌నగర్ ఇంటి తాళంచెవులు కొడుక్కి అమానత్‌గా ఇస్తాడు. తలుపులు లేని తాళంచెవులు. వాటిని కూడా చప్పుడు చేయకుండా తీసుకుంటాడు.

చానామంది ‘బస్తీ’ని హిజ్రత్ నవల అంటారు. నాకు మాత్రం అది తప్పించుకు తిరిగేవాడి నవల. జాకిర్ తారీఖ్‌ని ఎందుకు పట్టుకున్నాడో గమనించండి. మన ఉర్దూలో ఈ మాటకు రెండు అర్థాలు. తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర. తెలుగులోకి తేదీ ఒక్కటే వచ్చింది, చరిత్ర అక్కడే ఆగిపోయింది. గాయం ఉన్నవాడు చేసేది కూడా అదే. తేదీ చెప్తాడు, నంబర్లు చెప్తాడు, నవాబుల పేర్లు చెప్తాడు. తన కథ మాత్రం దాచుకుంటాడు.

ఇది ఒక్క మనిషి అలవాటేమీ కాదు, హుకూమత్‌లదీ ఇదే ఆదత్. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ ఫౌజ్ లొంగిపోయింది. అదే నెలలో ఏం జరిగిందో తేల్చడానికి హమూదుర్ రెహమాన్ కమిషన్ వేశారు. ఆ నివేదిక 2000 దాకా జనం ముందుకు రాలేదు. అక్కడిదాకా ఎందుకు, మన దగ్గర చూడండి. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లని హైదరాబాద్ జిల్లాలకు పంపింది. వాళ్ళు తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసిచ్చారు. ఆ కాయితం దశాబ్దాల పాటు బీరువాలోనే ఉండిపోయింది. బీరువా బయట ఇళ్ళల్లో నానీలు, దాదీలు కూడా ‘ఆ గడబిడలో’ అనేసి మాట మార్చేవాళ్ళు. ‘గడబిడ’ అనే ఆ చిన్న మాట కింద ఎన్ని బావులు, ఎన్ని జనాజాలు లేని మౌత్‌లు ఉన్నాయో.

మన ఇళ్ళల్లో దీనికి ఒక గొప్ప పేరు పెట్టుకున్నాం. సబర్. ఎవరైనా ఏడిస్తే “సబర్ కరో” అంటాం. కానీ సబర్ వేరు, ఖామోషీ వేరు. యూసుఫ్ (అలైహిస్సలాం) తప్పిపోయినప్పుడు అందమైన సబర్ పట్టిన యాఖూబ్ (అలైహిస్సలాం) ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడినాయన కూడా. తన గమ్‌ని అల్లాహ్‌కి మొరపెట్టుకున్నాడు, లేదని మాత్రం అనలేదు. మక్కాలో నబూవత్ పదో ఏట బీబీ ఖదీజా (రజి.), అబూ తాలిబ్ ఇద్దరూ కొద్దికాలం తేడాతో వెళ్ళిపోతే, సీరత్ రాసినవాళ్ళు ఆ ఏడాదికి ‘ఆముల్ హుజ్న్’ అని పేరు పెట్టారు. దుఃఖపు సంవత్సరం. మన సీమ పెద్దలు కూడా అంతే. 1876-78 కరువుని ధాత కరువు అన్నారు. చదువు రానివాళ్ళు కూడా తక్లీఫ్‌కి పేరు పెట్టి పిలిచారు. చదువుకున్న జాకిర్‌కీ నాకూ అది చేతకాలేదు.

మన కడప జిల్లా వేంపల్లె షరీఫ్ రాసిన ‘జుమ్మా’ కథ మీలో చానామంది చదివే ఉంటారు. ఆ పేరుతో వచ్చిన కథల సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. జుమ్మా నమాజుకి పో నాయనా అని కొడుకు వెంటపడే అమ్మ, 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలాక, మసీదుకు పోవద్దంటుంది. ఆ రోజు కూడా జుమ్మానే. ఆ తల్లి ఏ తారీఖ్ పాఠమూ చెప్పదు. భయాన్ని భయంగానే చెప్పేస్తుంది. జాకిర్ నాలుగు వందల ఏళ్ళు చుట్టి వచ్చినా చెప్పలేనిది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

ఇప్పుడు నా సంగతి. ఇంతసేపూ లాహోర్, ఢాకా, మక్కా, హైదరాబాద్ తిరిగాను. రాజంపేటకి రాకుండా ఎంత దూరమైనా పోతానని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ గురువారం రాత్రి ఒకటే వాన. చెయ్యేరు పక్క పల్లెలో మా ఫుప్పూ, అంటే మా నాన్న అక్క, ఒంటరిగా ఉండేది. కొడుకు బెంగళూరులో. రాత్రి ఫోన్ చేసింది. “బేటా, ఏటి చప్పుడు వేరేగా ఉంది” అంది. నేను టౌన్లో, పక్కా ఇంట్లో, దుప్పటి కప్పుకుని ఉన్నాను. “కుచ్ నై హోతా ఫుప్పూ, సోజావ్” అన్నాను. ఫోన్ పక్కన పెట్టి నేను పడుకున్నాను.

ఫజర్‌కి లేచేసరికి ఊరంతా గోల. ఫుప్పూ ఫోన్ కలవలేదు. దారులు తెగిపోయాయి. ఆ రోజు జుమ్మా నమాజులో నేనేం చదివానో నాకు గుర్తు లేదు. సాయంత్రానికి ఎవరో ఫోన్ చేసి, పక్కింటివాళ్ళ మిద్దె మీదికి ఎక్కి బతికిందని చెప్పారు. ఇల్లు పోయింది, రెండు బర్రెలు పోయాయి. మనిషి మిగిలింది.

“మా ఇంట్లో ఎవరికీ ఏం కాలే, అల్లాహ్‌కి షుకర్” అని అందరికీ చెప్పాను. నిజమే. కానీ ఆ షుకర్ వెనకాల నేను దాక్కున్నాను. మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు అన్నుంటే, నాది కూడా ఒక దర్దేనా అనుకున్నాను. అప్పట్నుంచీ రాత్రి పూట ఫోన్ మోగితే గుండె ఆగుతుంది. ఈ బ్లాగులో నవాబుల మీద రాసినన్ని వ్యాసాలు వరద మీద రాయలేదు. ఒక్కటి కూడా రాయలేదు.

పోయిన జుమ్మా నమాజు అయ్యాక ఫుప్పూ దగ్గరికి పోయాను. ఇప్పుడు టౌన్లోనే కొడుకింట్లో ఉంది. వక్కలు కత్తిరిస్తోంది. చానాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి అడిగేశాను. “ఫుప్పూ, ఆ రాత్రి నేను పడుకోమన్నాను. నన్ను మాఫ్ చెయ్.”

అడకత్తెర ఆపి నా వైపు చూసింది.

“నువ్వు చెప్తే పడుకుంటానా పిచ్చోడా? తెల్లార్లూ వాకిట్లో కూర్చుని ఏటినే చూస్తా ఉన్నా. అందుకే మిద్దె ఎక్కగలిగినా.”

“మరి మళ్ళీ ఫోన్ ఎందుకు చేయలేదు?”

“చేస్తే బండేసుకుని వచ్చేస్తావు. దారిలో నీళ్ళు. నిన్ను ఏటికిచ్చి నేనేం చేసుకోవాలా?” అని, కాసేపాగి, “వాన పడితే ఇప్పటికీ కూర్చునే ఉంటా. ఎవరికీ చెప్పలే” అంది.

ఇద్దరం ఒకరికొకరం దాచుకుని ఇన్నేళ్ళు గడిపామన్నమాట. బర్రెల పేర్లు చెప్పి ఫుప్పూ ఏడ్చింది. నేను సబర్ కరో అనలేదు.

ఇంటికొచ్చి మేనల్లుడిని పిలిచాను. నోట్‌బుక్కు తెమ్మన్నాను. తారీఖు వాడు ముందే రాసుకున్నాడు. దాని కింద రెండు పేజీలు ఖాళీ ఉంది. “రాసుకో” అన్నాను. “ఆ రాత్రి మామూ పడుకుని ఉన్నాడు.”