ఒక గొడ్డలి కోసం ఒక సినిమా

అంటార్కిటికాలో కాలిపోయిన ఒక నార్వే శిబిరం. పక్క శిబిరం నుంచి వచ్చిన అమెరికన్ పైలట్ మెక్‌రెడీ, డాక్టర్ కాపర్ లోపలికి అడుగుపెడతారు. ఒక తలుపులో గొడ్డలి దిగబడి ఉంది. ఒక మనిషి మణికట్లూ గొంతూ కోసుకుని, కూర్చున్న కుర్చీలోనే గడ్డకట్టుకుపోయాడు. ఇంకో గదిలో పెద్ద మంచు దిమ్మ. దాన్ని మధ్యలో తొలిచి ఏదో బయటికి తీసినట్టు ఖాళీగా ఉంది. బయట సగం కాలిన శవం, రెండు ముఖాలు ఒకదాంట్లో ఒకటి కరిగి అతుక్కుపోయి. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ద థింగ్’లో ఈ సన్నివేశం కొద్ది నిమిషాలే. ఇక్కడ ఏం జరిగిందన్నది సినిమా పూర్తిగా చెప్పదు. చెప్పకపోవడం వల్లే ఒళ్లు జలదరిస్తుంది.

ఇరవై తొమ్మిదేళ్ల తరవాత, ఆ చెప్పనిదంతా చెప్పడానికే ఇంకో సినిమా వచ్చింది. ఆ గొడ్డలి అక్కడికెలా వచ్చిందో, కుర్చీలో చచ్చినవాడు ఎవరో, రెండు ముఖాలు ఎవరెవరివో అన్నీ లెక్క తేల్చింది. పాత సినిమా పట్ల ఇంత భక్తితో తీసిన ప్రీక్వెల్ సైన్స్ ఫిక్షన్‌లో అరుదు. అది ఆడలేదు. ఎందుకు ఆడలేదో తెలియాలంటే ఈ కథకున్న డెబ్భై ఏళ్ల వంశవృక్షాన్ని వేరు దగ్గర నుంచి చూడాలి.

వేరు 1938 ఆగస్టులో ఉంది. అమెరికాలో ‘అస్టౌండింగ్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికలో ‘హూ గోస్ దేర్?’ అనే పెద్దకథ వచ్చింది. రచయిత పేరు డాన్ ఎ. స్టువర్ట్ అని వేశారు. అది భార్య పేరు నుంచి అల్లుకున్న మారుపేరు, అసలు మనిషి ఆ పత్రిక సంపాదకుడే అయిన జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్. అంటార్కిటికాలో ముప్ఫై ఏడుగురున్న పరిశోధన శిబిరం. కోట్ల ఏళ్లుగా మంచులో కూరుకుపోయిన జీవిని తవ్వి తెస్తారు, మంచు కరుగుతుంది, జీవి లేస్తుంది. ఇంతవరకూ మామూలు రాక్షసి కథే. అయితే ఈ జీవికి సొంత ఆకారమంటూ ఉండదు. ఎవరిని మింగితే వారైపోతుంది. ముఖం, గొంతు, జ్ఞాపకాలు, నడవడి, ఏదీ తేడా రాదు. నిన్నటి దాకా పక్క మంచం మీద పడుకున్నవాడు ఇవాళ మనిషో కాదో తెలియదు. ‘నేను మనిషినే’ అని ప్రతివాడూ ఒట్టు వేస్తాడు. ఎవరి ఒట్టునూ నమ్మడానికి లేదు.

క్యాంప్‌బెల్ తల్లికి అచ్చం ఆమెలాగే ఉండే కవల సోదరి ఉండేదనీ, ఆమెకు ఈ పిల్లవాడంటే గిట్టేది కాదనీ, ఎదురుగా ఉన్నది అమ్మో పిన్నో తెలియక అతను తికమకపడేవాడనీ ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. అది నిజంగా ఈ కథకు బీజమో కాదో గాని, కథలో ఉన్న భయం మాత్రం ఇంట్లో పుట్టే భయమే.

చిక్కుముడి విప్పేందుకు క్యాంప్‌బెల్ కనిపెట్టిన ఉపాయం రక్తపరీక్ష. ఆ జీవిలో ప్రతి ముక్కా ఒక విడి ప్రాణి. కాబట్టి దాని రక్తపు బొట్టు కూడా తన ప్రాణం తాను కాపాడుకోవాలని చూస్తుంది. కాల్చిన తీగ తాకితే మనిషి రక్తం ఊరుకుంటుంది, దాని రక్తం తప్పించుకోబోతుంది.

1951లో హాలీవుడ్ ఈ కథను మొదటిసారి తెరకెక్కించింది. నిర్మాత హోవర్డ్ హాక్స్, దర్శకుడిగా పేరు పడింది క్రిస్టియన్ నైబీకి. నిజానికి సెట్లో పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ‘ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’ అన్న ఆ సినిమాలో కథ దక్షిణ ధ్రువం నుంచి ఉత్తర ధ్రువానికి ఎగిరిపోయింది. శాస్త్రవేత్తల చోట వైమానిక దళం వాళ్లు ముందుకొచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, రూపాలు మార్చే జీవి లేనే లేదు. దాని బదులు రక్తం తాగే ఒక వృక్షజాతి మనిషి, ఆ వేషంలో ఆరడుగుల ఏడంగుళాల జేమ్స్ ఆర్నెస్. సినిమాలో ఒక విలేఖరి దాన్ని క్యారెట్‌తో పోల్చి ఎగతాళి కూడా చేస్తాడు.

కథ చదివినవాళ్లు మండిపడ్డారంటే తప్పులేదు. గుండెకాయ తీసేసి ఒళ్లు మాత్రం ఉంచారు. కానీ ఆ కాలం వైపు నుంచి చూస్తే సినిమా తెలివి కనిపిస్తుంది. ఎగిరే పళ్లాల పుకార్లు అమెరికాను 1947 నుంచే ఊపేస్తున్నాయి. కొరియాలో యుద్ధం నడుస్తోంది. మనిషి కరిగి మరొకటయ్యే మాయను నమ్మించేలా చూపించే పనితనం అప్పటి స్టూడియోల్లో లేదు. హాక్స్ బృందం శత్రువును బయట నిలబెట్టి, లోపలివాళ్లంతా ఒక్క మాటమీద ఉండేలా కథను తిప్పేసింది. ఆ జీవిని కాపాడాలని చూసే శాస్త్రవేత్త ఒక్కడే అందుకు ఎదురు. క్యాంప్‌బెల్ కథలో లేని ఒక దృశ్యాన్ని కూడా ఆ సినిమా కానుకగా ఇచ్చింది. మంచు కింద ఏదో నల్లగా కనిపిస్తుంది. దాని ఆకారం తెలుసుకోవడానికి అందరూ దాని అంచుల వెంబడి చేతులు చాచి నిలబడతారు. చూస్తే గుండ్రని వలయం. పళ్లెం! ఒక్క గ్రాఫిక్ లేదు, కొందరు మనుషులు మంచు మీద నిలబడ్డారంతే.

ఆ వలయం చూసి మనసు పారేసుకున్న పిల్లల్లో కార్పెంటర్ ఒకడు. 1978లో ఆయన తీసిన ‘హాలోవీన్’లో పిల్లలు టీవీలో చూస్తున్నది ఆ సినిమానే. తరవాత కొన్నేళ్లకు అదే కథ తన చేతికి వచ్చినప్పుడు ఆయన చేసిన పని గమనించాలి. రచయిత బిల్ లాంకస్టర్‌తో కలిసి పాత సినిమాను పక్కనబెట్టి నేరుగా క్యాంప్‌బెల్ దగ్గరికి వెళ్లాడు. అంటార్కిటికా తిరిగొచ్చింది, రూపాలు మార్చే జీవి తిరిగొచ్చింది, రక్తపరీక్ష తిరిగొచ్చింది, మెక్‌రెడీ, బ్లెయిర్, కాపర్, గ్యారీ, నారిస్ వంటి పేర్లు తిరిగొచ్చాయి. అలాగని పుస్తకానికి బానిస కాలేదు. ముప్ఫై ఏడుగురిని పన్నెండుకు కుదించాడు. వాతావరణ శాస్త్రవేత్త మెక్‌రెడీని హెలికాప్టర్ పైలట్ చేశాడు. పుస్తకంలో మనుషులు గెలుస్తారు. సినిమాలో ఇద్దరు మిగులుతారు, వాళ్లలో ఎవరు మనిషో తేలదు.

మరి పాత సినిమా? దానికీ ఒక దండం ఉంది. నార్వే శిబిరం నుంచి తెచ్చిన వీడియో టేపుల్లో మనుషులు మంచు మీద వలయంగా నిలబడి కనిపిస్తారు. 1951 కథా 1982 కథా ఒకే లోకంలో జరగడానికి వీల్లేదు, ఒకటి ఉత్తరాన, ఇంకొకటి దక్షిణాన. అయినా ఆ నలుపు తెలుపు టేపులో పాత సినిమా దాక్కుని ఉంది. విధేయత అంటే ఇదేనని చెప్పబుద్ధవుతుంది.

అప్పట్లో ఎవరూ అలా అనలేదు. 1982 జూన్ 25న విడుదలయ్యేసరికి ‘ఇ.టి.’ వచ్చి రెండు వారాలైంది. ఆకాశం నుంచి వచ్చినవాడు బుజ్జిగా ఉండాలని జనం నిర్ణయించేసుకున్నారు. అదే రోజు వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ గతీ అంతే. ఇరవై రెండేళ్ల రాబ్ బొటీన్ రబ్బరుతో, జిగురుతో, తీగలతో సృష్టించిన వికారాలను సమీక్షకులు అసహ్యమన్నారు. నైబీ సైతం బాహాటంగా తప్పుపట్టాడు. ఎన్నియో మొరికోనే సంగీతానికి చెత్త సంగీతాల ‘రాజీ’ నామినేషన్ దక్కింది. ఆ తీర్పును తిరగరాసింది వీడియో క్యాసెట్లే.

ఇక 2011. యూనివర్సల్‌కు ఈ కథ మళ్లీ కావాలి, నిర్మాతలకు కార్పెంటర్ సినిమాను తిరిగి తీసే ధైర్యం లేదు. దొరికిన సందు నార్వే శిబిరం. దర్శకుడు డచ్చివాడు మథైస్ వాన్ హైనింగెన్ జూనియర్, రచయిత ఎరిక్ హైసరర్. పాత సినిమాలో ఆ శిబిరం కనిపించిన ప్రతి ఫ్రేమునూ ఆపి చూసి, గదుల కొలతలు తీసి సెట్లు వేశారు. శవపరీక్ష చేసినట్టు కథ రాయాల్సి వచ్చిందని హైసరరే చెప్పుకున్నాడు. నార్వే నటులను తెచ్చి నార్వే భాషలోనే మాట్లాడించారు. గొడ్డలి దిగిన చోటే ఉండిపోవడానికి ఒక కారణం అల్లారు. చివరి టైటిళ్ల మధ్యలో హెలికాప్టర్ లేచి కుక్క వెంట పడుతుంది, సరిగ్గా కార్పెంటర్ సినిమా మొదలయ్యే చోట కథ ఆగుతుంది. సినిమా పేరు కూడా మార్చలేదు, అదీ ‘ద థింగే’.

ఇంత చేసినా వలయం దగ్గర జారిపడ్డారు. కార్పెంటర్ టేపుల్లో నార్వేవాళ్లు మంచు మీద థర్మైట్ పేల్చి అంతరిక్ష నౌకను బయటపెడతారు. 2011లో నౌక ఇంజిన్ రాజుకున్నప్పుడే మీది మంచు కరుగుతుంది. గొడ్డలి సరిపోయింది, నౌక సరిపోలేదు.

అసలు ఇబ్బంది అదీ కాదు. ఆ శిబిరంలో ఎవరూ మిగలరని టికెట్ కొన్నవాడికి ముందే తెలుసు. ఇక ఉన్నది ఎవరు ఎలా పోతారన్న చిల్లర ప్రశ్న మాత్రమే. అనుమానం మీద బతికే కథకు ఇది ఉరి. పైగా అలెక్ గిల్లిస్, టామ్ వుడ్రఫ్‌ల బృందం చేతితో కట్టిన జీవుల్ని చాలాచోట్ల కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో కప్పేశారు. గదుల కొలతల దగ్గర అంగుళం తేడా రానివ్వనివాళ్లు, పాత సినిమాకు ప్రాణమిచ్చిన రబ్బరునూ జిగురునూ మాత్రం నమ్మలేకపోయారు. ఆ ఇద్దరూ తరవాత అభిమానుల చందాలతో ‘హార్బింజర్ డౌన్’ తీసి కసి తీర్చుకున్నారు.

న్యాయంగా చెప్పాలంటే 2011 సినిమాలో ఒక మంచి ఆలోచన ఉంది. రక్తపరీక్షను మళ్లీ వాడలేదు. జీవి లోహాన్ని నకలు చేయలేదు కాబట్టి నోట్లో పళ్లకు వేయించుకున్న ఫిల్లింగులు చూస్తారు. శుభ్రమైన పళ్లున్నవాడికి గండం! పాత సినిమాకు అతుక్కోకుండా క్యాంప్‌బెల్ ఆలోచనను ఇంకో అడుగు ముందుకు నడిపించిన చోటు అదొక్కటే, గుర్తుండిపోయే సన్నివేశమూ అదే.

ఈ లెక్క తేల్చే జబ్బు వీళ్లొక్కరిదే కాదు. ‘స్టార్ ట్రెక్’లో క్లింగాన్ల నుదుళ్లు 1960లలో నున్నగా ఉండేవి, 1979 సినిమా నుంచి గట్లు తేలాయి. కారణం మేకప్ బడ్జెట్. 1996లో ఒక ఎపిసోడ్ దాన్ని నవ్వులాటగా దాటేసింది, ఆ విషయం మేం బయటివాళ్లతో మాట్లాడమని ఒక క్లింగాన్ మొహం గంటు పెట్టుకుంటాడు. అక్కడితో ఆపితే బాగుండేది. 2005లో రెండు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి అదొక వైరస్ పని అని శాస్త్రీయంగా నిరూపించారు. రిడ్లీ స్కాట్ అయితే తన సినిమాకే తాను వివరణ ఇచ్చుకున్నాడు. 1979 ‘ఏలియన్’లో కుర్చీలోంచే మొలిచి శిలగా మారినట్టున్న మహాకాయుడు, 2012 ‘ప్రొమీథియస్’కు వచ్చేసరికి సూటు తొడుక్కున్న పొడుగాటి మనిషయ్యాడు.

‘ద థింగ్’ వంశవృక్షంలో చివరి మలుపు సినిమాల్లో రాలేదు. క్యాంప్‌బెల్ గురించి పుస్తకం రాస్తున్న అలెక్ నెవాలా-లీకి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న కాగితాల్లో ‘హూ గోస్ దేర్?’ మొదటి ప్రతి దొరికింది. పేరు ‘ఫ్రోజెన్ హెల్’. 2019లో అచ్చయింది. పత్రికలో వచ్చిన కథ కన్నా బాగా పెద్దది, ఎక్కువైన భాగమంతా దాదాపు మొదట్లోనే ఉంది. మంచు కింద నౌకను ఎలా కనుక్కున్నారు, ఎలా తవ్వారు, జీవిని ఎలా బయటికి తెచ్చారు, అన్నీ వరసగా. 1938లో పత్రికకు ఇచ్చేటప్పుడు క్యాంప్‌బెల్ ఆ అధ్యాయాలన్నిటినీ కొట్టేసి, మంచు దిమ్మ అప్పటికే శిబిరంలోకి చేరిన క్షణం నుంచి కథ ఎత్తుకున్నాడు. ముందు జరిగింది పాత్రల మాటల్లో క్లుప్తంగా వస్తుంది. 2011 సినిమా మొదటి సగంలో కష్టపడి చూపించిన ఘట్టాన్ని, అసలు రచయిత డెబ్భై మూడేళ్ల ముందే రాసి చూసుకుని, అక్కర్లేదని తీసి పెట్టెలో పడేశాడన్నమాట.

ఆ ప్రతి అచ్చయిన మరుసటి ఏడాది, 2020లో, ‘ఫ్రోజెన్ హెల్’ ఆధారంగా యూనివర్సల్ మళ్లీ సినిమా తీయబోతోందని వార్తలు వచ్చాయి.