వంట సోడా సాక్ష్యం

ఆదివారం. రాత్రి 9 దాటింది. డల్లాస్ శివార్లలోని మా ఇంట్లో హాలు లైట్లన్నీ ఆర్పేశాను. తొట్టె మీది నీలం లైటొక్కటే వెలుగుతోంది. 75 గ్యాలన్ల ఉప్పునీళ్ళు, మన లెక్కలో దాదాపు 280 లీటర్లు. ఆ నీళ్ళలో పగడాలు మెల్లగా ఊగుతున్నాయి.

నాన్న కుర్చీ ముందుకి లాక్కుని, గాజుకి ముక్కు తగిలేంత దగ్గరగా చూస్తున్నారు. ఆకివీడు దగ్గర ముప్ఫయ్యేళ్ళు రొయ్యల చెరువులు చేసిన మనిషి. ఇక్కడికొచ్చి వారమైంది. ఉంగరపు వేలికి పగడం ఉంది, కుజదోషానికని ఎప్పుడో పెట్టించుకున్నది. దాన్నోసారి చూసుకుని, తొట్టెలోకి చూసి అడిగారు.

"ఇదీ అదీ ఒకటేనేంట్రా?"

"జాతి వేరండి. మీది ఎర్ర పగడం, మధ్యధరా సముద్రంలో దొరికేది. కానీ సరుకు మాత్రం ఒకటే, కాల్షియం కార్బొనేట్."

"సున్నపురాయన్నమాట. దీనికా నీకింత ఖర్చు?"

నవ్వి ఊరుకున్నాను. ఈ సరదా హైదరాబాద్‌లో ఉండగా తీర్చుకునే వీల్లేదు. మన వన్యప్రాణి చట్టంలో దిబ్బ కట్టే పగడాలకి పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో చోటుంది.

ఆల్కలినిటీ కిట్టు తీసుకుని వంటింట్లోకి నడిచాను, నాన్న వెనకే వచ్చారు. నీలం లైటు కింద రంగులు తెలియవు. తెల్ల లైటు కింద, తెల్ల కాగితం పరిచి చూడాలి. చిన్న గాజు సీసాలోకి సిరంజితో 4 మిల్లీలీటర్ల తొట్టె నీళ్ళు. అందులో ఇండికేటర్ చుక్కలు వేయగానే నీళ్ళు నీలం కలిసిన ఆకుపచ్చకి తిరిగాయి. ఇప్పుడు రెండో సిరంజి, అందులో యాసిడ్. ఒక చుక్క వేయడం, సీసా తిప్పడం. ఇంకో చుక్క, మళ్ళీ తిప్పడం. చుక్క పడిన చోట గులాబీ రంగు పొగలా లేచి కలిసిపోతోంది. ఇంకొకటి. ఈసారి కాస్త ఆలస్యంగా కలిసింది.

"అదిగో, తిరిగింది" అన్నారు నాన్న.

నాకు తిరిగినట్టు లేదు. ఇంకో చుక్క వేశాను. అప్పుడు నా కంటికీ గులాబీ నిలిచింది. ఈ కిట్లో ఒక్క చుక్క తేడా అంటే దాదాపు 0.3. ఒకే సీసా, ఒకే లైటు, తండ్రీ కొడుకులం. అయినా ఇద్దరికీ లెక్క రెండు రకాలుగా వచ్చింది.

సిరంజి చూసి పట్టిక చూశాను. 6.7. పోయిన ఆదివారం ఇదే నీళ్ళు 8.2 ఉన్నాయి.

"ఎంతొచ్చింది ఆల్కలినిటీ?"

"ఆరు పాయింట్ ఏడండి."

నాన్న కళ్ళజోడు తీసేశారు. "ఆరా? ఆరుతో ఏ ప్రాణీ బతకదురా!"

"ఇవి జర్మన్ డిగ్రీలు నాన్నా. 17.86తో గుణిస్తే మీ పీపీఎం వస్తుంది." ఫోన్లో గుణించి చూపించాను. 120.

"అలా చెప్పు. మరి పోయిన వారం?"

"146."

వారంలో 26 ఎటు పోయింది? పగడం పెరగడానికి నీళ్ళలోంచి కాల్షియాన్నీ కార్బొనేట్‌నీ లాక్కుంటుంది, అందుకే ఆ లోటు రోజూ పూడ్చాలి. ఆ పని డోసింగ్ పంపుది. తొట్టె కింద తలుపు తీసి చూశాను. డబ్బాలో మందు రోజూ తగ్గాల్సినంతే తగ్గింది. పంపు తిరుగుతూనే ఉంది. పగడాల రంగు మారలేదు, కొమ్మలు ముడుచుకోలేదు.

అయినా నా చెయ్యి బఫర్ పొడి ప్యాకెట్టు మీదకే పోయింది. 280 లీటర్లని 6.7 నుంచి 8.4కి లేపడానికి 14 గ్రాముల సోడా బైకార్బొనేట్ చాలు. అర నిమిషం పని. పోయిన చలికాలం సరిగ్గా ఇదే అర నిమిషం పని చేశాను. ఒక్క రీడింగు నమ్మి, ఒక్కసారిగా కలిపేశాను. తెల్లారి చూస్తే అక్రోపోరా పగడం కొమ్మల చివర్లు కాల్చిన అగ్గిపుల్లల్లా నల్లగా కాక తెల్లగా, తోలు ఊడి కనిపించాయి. మూడు కొమ్మలు పోయాయి. రెండేళ్ళ పెరుగుదల.

"ఆగరా" అన్నారు నాన్న, నా మనసులో మాట విన్నట్టే. "నీళ్ళు పాడయ్యాయో, నీ సీసా పాడైందో ముందు తేల్చు."

చెరువు రోజుల్లో ఒకే చెరువు నీళ్ళకి ఒక ల్యాబ్ 90 అంటే ఇంకో ల్యాబ్ 160 అందట. అప్పట్నుంచీ నాన్న ఒకే నీళ్ళు రెండు సీసాల్లో పట్టి, ఒకదాని మీద తన పేరూ, రెండోదాని మీద పాలేరు పేరూ రాసి ఒకే ల్యాబ్‌లో ఇచ్చేవారు. రెండు కాగితాలూ ఒకే మాట చెబితేనే చెరువులో సున్నం చల్లేది. "వాళ్ళ మీద కోపంతో కాదురా, నా డబ్బు మీద ప్రేమతో."

ఇక్కడ ఇంకో పేరు రాసిచ్చే వీల్లేదు. కానీ జవాబు ముందే తెలిసిన నీళ్ళు తయారు చేసుకోవచ్చు. దానికి కావలసింది వంటింట్లోనే ఉంది. బేకింగ్ పౌడర్ కాదు, బేకింగ్ సోడా. మా ఆవిడ కేకులకని దాచుకున్న కొత్త డబ్బా, గ్రాములో పదోవంతు చూపించే కాఫీ త్రాసు.

"మామయ్యగారూ, ఆ గరిటె తడిగా ఉంది, ఇది తీసుకోండి" అని మా ఆవిడ పొడి చెంచా అందించింది.

నాన్న వేళ్ళతో చెంచాని తడుతున్నారు. 2.3. 2.4. త్రాసు 2.5 దగ్గర నిలిచింది. దాన్ని లీటరు శుద్ధి చేసిన నీళ్ళలో కరిగించాం. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మళ్ళీ శుద్ధ జలంతో లీటరు చేశాం. లెక్క ప్రకారం దీని ఆల్కలినిటీ 8.3. పీపీఎంలో 149.

కొత్త సీసా, కొత్త నీళ్ళు, అవే చుక్కలు. ఈసారి రంగు నిలిచిందాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

6.9.

8.3 ఉండాల్సిన నీళ్ళని కిట్టు 6.9 అంటోంది. ఆ లెక్కన తొట్టెలో నీళ్ళు 8 పైనే ఉన్నాయి. యాసిడ్ సీసా ఎత్తి చూశాను. మూత వదులుగా ఉంది, మరల చుట్టూ తెల్లటి మరక. పోయిన ఆదివారం పరీక్ష అయ్యాక తొట్టె లైటు వేడి పక్కనే పెట్టి మర్చిపోయాను. నీరు ఆవిరై యాసిడ్ చిక్కబడితే, తక్కువ చుక్కలకే రంగు మారుతుంది, అంకె తక్కువొస్తుంది. తప్పు కిట్టు చేసినవాడిది కాదు, మూత బిగించని నాది.

"మీటరు కొనుక్కోరాదూ? ఈ రంగుల గోలెందుకు?"

కొన్నానండీ, అదీ ఉంది. సొరుగులోంచి హన్నా చెకర్ తీసి చేతిలో పెట్టాను. దశాంశంతో సహా అంకె చూపిస్తుంది కాబట్టి దేవుడి మాటనుకున్నాను చాన్నాళ్ళు. దాని కాగితం తర్వాత చదివాను: అటూ ఇటూ 0.3, ఆపైన చూపించిన అంకెలో 5 శాతం. అంటే అది 8 అని చూపిస్తే అసలు నీళ్ళు 7.3 నుంచి 8.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఫాస్ఫేట్ సంగతి మరీ నవ్వొస్తుంది. అదే కంపెనీ పాత మోడల్ తేడా అటూ ఇటూ 0.04. నేనేమో 0.03 వచ్చిందని పండగా, 0.06 వచ్చిందని దిగులూ. మీటరులో పెట్టే చిన్న గాజు సీసా, అదే క్యూవెట్, మీద వేలిముద్ర ఉన్నా, లోపల బుడగ నిలిచినా అంకె మారిపోతుంది. నైట్రేట్ కిట్లో రెండో సీసాని అర నిమిషం గట్టిగా కుదపకపోతే అడుగున పేరుకున్న పొడి కలవదు, ఉన్న నైట్రేట్ లేనట్టే కనిపిస్తుంది.

సొరుగులో ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ చూడగానే నాన్న మొహం వెలిగింది. చెరువు గట్టు మీది పాత నేస్తం మరి. మంచినీటి చుక్క వేసి సున్నా సరిచూడబోయారు, అలవాటు కొద్దీ. సముద్రపు నీటికి ఆ ఒక్కటీ చాలదు నాన్నా అన్నాను. చాలా పరికరాల గీతలు మామూలు ఉప్పు ద్రావణానికి గీసినవి. 35 ఉన్న సముద్రపు నీళ్ళు వాటిలో 36.5గా కనిపిస్తాయి. అందుకే ఉప్పదనం 35 అని ముందే తెలిసిన ద్రావణంతో సరిచూడాలి. "మా చెరువుకి ఒకటీ ఒకటిన్నరా ఎవడు చూశాడు" అంటూ కన్ను బల్బు వైపు తిప్పారు.

బఫర్ ప్యాకెట్టు మళ్ళీ అరలోకి పోయింది. మిగిలిన సోడా నీళ్ళని గాజు సీసాలో పోసి, మూత బిగించి, మీద తేదీ రాశాను.

బుధవారం కొత్త యాసిడ్ సీసా వచ్చింది. సోడా నీళ్ళు 8.3, తొట్టె నీళ్ళు 8.0. నా పుస్తకంలో 8.0 అనే రాశాను. నాన్న మాత్రం తన డైరీలో 143 అని రాసుకున్నారు.