మైనారిటీ తీరిన తరువాత: మేధోవైకల్యం గల యువత, చట్టాల చరిత్ర – కోనసీమ నేపథ్యం

వ్యాససంగ్రహం: మేధోవైకల్యం గల యువతీయువకులు వయోజన జీవితంలోకి అడుగుపెట్టే దశను భారతీయ చట్టాలు ఏయే కాలాల్లో ఎలా చూశాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆస్తి రక్షణతో మొదలైన ఆ దృష్టి సంరక్షకుని నియామకం మీదుగా వ్యక్తి ఇష్టాన్ని గౌరవించే దశకు చేరిందనీ, కోనసీమ వంటి ప్రాంతంలో ఆ మార్పు ఫలించాలంటే స్థానిక వృత్తులతో అనుసంధానం అవసరమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మేధోవైకల్యం, వయోజనత్వం, సంరక్షకత్వం, జాతీయ ట్రస్టు, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

యుక్తవయస్సు రావడాన్ని తెలుగు దస్తావేజుల భాష ‘మైనారిటీ తీరడం’ అంటుంది. 1875 నాటి వయోజనత్వ చట్టం అందుకు పద్దెనిమిదేళ్ల వయస్సును నిర్ణయించింది. చట్టం దృష్టిలో అది ఒక తేదీ. కుటుంబం దృష్టిలో మాత్రం చదువు, పని, డబ్బు లావాదేవీ, సొంత నిర్ణయం అనే అనేక మెట్లున్న ప్రయాణం. మేధోవైకల్యం గల బిడ్డ ఉన్న ఇంట ఈ తేదీకీ ప్రయాణానికీ మధ్య దూరం మరీ ఎక్కువ.

ఇక్కడ ఒక పరిభాషా వివరణ అవసరం. ‘అభ్యసన వైకల్యం’ అన్నప్పుడు బ్రిటన్‌లో మేధోవైకల్యమని అర్థం. మన చట్టంలోని ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ చదవడం, రాయడం, లెక్కలు చేయడం వంటి వాటిలో ఎదురయ్యే ఇబ్బందులకు సంబంధించినది. ఈ వ్యాసం మేధోవైకల్యానికే పరిమితం.

2. ఆస్తిని చూసిన చట్టం

1890 నాటి సంరక్షకుల చట్టం మైనర్లకే వర్తించింది. పద్దెనిమిది దాటినవారి విషయంలో 1912 నాటి ల్యూనసీ చట్టమే దిక్కయింది. ‘ల్యూనటిక్’ అనే మాటకు ఆ చట్టమిచ్చిన నిర్వచనంలో ‘ఈడియట్’ కూడా చేరి ఉంది. అంటే పుట్టుకతో వచ్చిన మేధోవైకల్యానికీ, నడివయస్సులో వచ్చిన మానసిక వ్యాధికీ భేదం లేదు. జిల్లా న్యాయస్థానం విచారణ జరిపేది కూడా ఆ వ్యక్తికి ఆస్తి ఉన్నప్పుడే. కొబ్బరితోటలో వాటా ఉన్నవాడు చట్టానికి కనిపించాడు. ఆ తోటలో కూలికి వెళ్లే ఇంటి బిడ్డ కనిపించలేదు.

1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం మేధోవైకల్యాన్ని తన పరిధి నుంచి స్పష్టంగా మినహాయించింది. వ్యాధి వేరు, వైకల్యం వేరు అని గుర్తించడం శాస్త్రీయమైన ముందడుగే. కానీ 1993లో ఆ చట్టం అమలులోకి రావడంతో పాత చట్టం తొలగిపోయింది. వయోజనులైన వీరికి సంరక్షకుణ్ణి నియమించే ప్రత్యేక మార్గం మిగల్లేదు. అవమానకరమైన పేరు పోయింది, దానితోపాటు ఉన్న ఒక్క ద్వారమూ మూసుకుపోయింది.

3. ‘మా తరువాత ఎవరు?’

1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడడంతో ప్రత్యేక విద్య, వృత్తి శిక్షణ తెలుగు నేలపై శాస్త్రీయ రూపం పొందాయి. అయినా వయస్సు మళ్లుతున్న తల్లిదండ్రుల ప్రశ్న వేరు: మా తరువాత ఎవరు? ఆ ప్రశ్నకు శాసన రూపంలో వచ్చిన సమాధానమే 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు గలవారికి సంరక్షకుణ్ణి నియమించే అధికారాన్ని అది స్థానిక స్థాయి కమిటీకి ఇచ్చింది. కలెక్టరు హోదాకు తగ్గని అధికారి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం గల ఒక వ్యక్తి అందులో సభ్యులు.

వ్యవహారం కోర్టు నుంచి కలెక్టరేటుకు మారడం సామాన్యులకు మేలే. అయితే ఉమ్మడి తూర్పుగోదావరిలో కలెక్టరేటు కాకినాడలో ఉండేది. రాజోలు నుంచి అక్కడికి వెళ్లాలంటే వైనతేయ, గౌతమి పాయలు రెండూ దాటాలి. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక ఆ దూరం తగ్గింది. సరిహద్దుల మార్పును పాలనా సౌలభ్యంగానే లెక్కిస్తాం. మేధోవైకల్యం గల బిడ్డతో బస్సు ఎక్కే తల్లికి అది హక్కుకు దగ్గరవడం.

4. సంరక్షణ నుంచి సమ్మతికి

1995 నాటి వికలాంగుల చట్టం పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్యను హామీ ఇచ్చింది. ఉద్యోగాల్లో కల్పించిన 3 శాతం రిజర్వేషన్‌లో మాత్రం మేధోవైకల్యానికి చోటివ్వలేదు. చదివించిన చట్టమే పని దగ్గర తలుపు వేసింది. 2016 నాటి చట్టం రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచి, అందులో ఒక శాతాన్ని మేధోవైకల్యంతో సహా కొన్ని వైకల్యాలకు ఉమ్మడిగా కేటాయించింది. అంతకంటే ముఖ్యంగా ‘పరిమిత సంరక్షకత్వం’ అనే భావనను తెచ్చింది. సంరక్షకుడు ఒక నిర్దిష్ట నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి మాత్రమే తోడుంటాడు. ఆ వ్యక్తి ఇష్టానుసారమే నడచుకోవాలి. 2007లో భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక దీనికి ప్రేరణ. జాతీయ ట్రస్టు చట్టమూ అమలులోనే ఉన్నందున నేడు రెండు దృష్టులూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

5. పని అనే వంతెన

ఉచిత విద్యాహక్కు 2016 చట్టంలోనూ పద్దెనిమిదేళ్ల దగ్గరే ఆగింది. మండలాల్లోని భవిత కేంద్రాలు కూడా బడి ఈడు పిల్లల కోసం ఏర్పడినవే. ఆ తరువాతి అడుగుకు కోనసీమలో ఆధారం కాగలవి స్థానిక వృత్తులు. పెద్ద పనిని చిన్న దశలుగా విడదీసి, ఒక్కొక్కటే అలవాటు చేయించడం ప్రత్యేక విద్యలో ప్రధాన పద్ధతి. పీచు తీయడం, తాడు పేనడం, బండారులంక మగ్గాలకు కండెలు చుట్టడం, ఆత్రేయపురం పూతరేకుకు నెయ్యీ చక్కెరా అద్ది మడవడం – ఇవన్నీ స్వభావరీత్యానే దశలుగా విడివడిన పనులు. అందరికీ అన్నీ సాధ్యం కావు. కానీ ఎవరికి ఏ దశ సాధ్యమో పదిహేనో ఏటనే పరిశీలించడం మొదలుపెట్టవచ్చు. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది: తగిన వేతనం, మానేసే స్వేచ్ఛ లేని పని శిక్షణ అనిపించుకోదు, చాకిరీ అవుతుంది.

6. ఉపసంహారం

ఒక శతాబ్దానికి పైగా సాగిన ఈ చరిత్రలో చట్టం అడిగిన ప్రశ్న రెండుసార్లు మారింది. ఆస్తిని ఎవరు కాపాడాలి? మనిషిని ఎవరు చూసుకోవాలి? ఆ మనిషికి ఏమి ఇష్టం? మొదటి రెండు ప్రశ్నలకు కార్యాలయంలో సమాధానం దొరుకుతుంది. మూడోది ఆ యువతీయువకులనే అడగాలి. అడిగి, జవాబు కోసం ఓపికగా వేచి ఉండగల ఉపాధ్యాయుడు, యజమాని, అధికారి ఉన్నచోటనే మైనారిటీ నిజంగా తీరుతుంది.