ఇబ్రహీంపట్నానికి 12 ప్రశ్నార్థకాలు

2000ల్లో తెలుగు సైట్లు కట్టినవాళ్ళందరికీ తెలిసిన గోల ఇది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం 2004లో 4.1 వచ్చేదాకా యూటీఎఫ్-8 నేర్చుకోలేదు. నేర్చుకున్నాక కూడా డిఫాల్టు లాటిన్1, అక్షరాల వరస స్వీడిష్‌ది! కంపెనీ స్వీడన్‌ది మరి.

మన రంగారెడ్డి జిల్లా ఊరినే తీసుకోండి. ‘ఇబ్రహీంపట్నం’ అంటే యూనికోడ్‌లో 12 సంకేతాలు, యూటీఎఫ్-8లో 36 బైట్లు. టేబులూ కనెక్షనూ రెండూ లాటిన్1 అయితే, తెర మీద పిచ్చి అక్షరాలు కనబడినా 36 బైట్లూ లోపల భద్రం. టేబులు లాటిన్1గా ఉండి కనెక్షన్ ఒక్కటే యూటీఎఫ్-8కి మారిస్తే, ఆనాటి సెట్టింగుల్లో మిగిలేది 12 ప్రశ్నార్థకాలు. ఊరు గల్లంతు!

డిఫాల్టు మారింది 2018లో, 8.0తో. పాత బ్యాకప్పుల్లో పిచ్చి అక్షరాలు కనబడితే చెరిపెయ్యకండి మాస్టారూ, అందులో తెలుగు బతికే ఉంది.