పార్కు గేటుకు తాళం పడకుండా: కాలనీ కమిటీ నిర్వహణ ఎలా?

పార్కు కట్టడానికి ఒక్కసారి నిధులొస్తే సరిపోతుంది. నడపడానికి మాత్రం ప్రతి నెలా డబ్బు, మనుషులు కావాలి. మొక్కలకు నీళ్లు పెట్టేవాళ్లు లేక, కరెంటు బిల్లు కట్టేవాళ్లు లేక గేటుకు తాళం పడితే ముందు నష్టపోయేది పిల్లలు, ఆడవాళ్లు, పెద్దవాళ్లే. అలాంటి చోట పనికొచ్చే పద్ధతి స్థానికుల కమిటీ నిర్వహణ. ఇందులో స్థలం ప్రభుత్వ సంస్థదే, రోజువారీ పని మాత్రం కాలనీవాళ్లది.

ఎక్కడ ఉంది?

హైదరాబాద్‌లో చాలా కాలనీ పార్కుల నిర్వహణను జీహెచ్ఎంసీ కాలనీ సంక్షేమ సంఘాలకు అప్పగించింది. న్యూయార్క్‌లో 1970లలో పాడుబడిన సెంట్రల్ పార్కు కోసం 1980లో ఒక లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. 1998లో నగర ప్రభుత్వంతో నిర్వహణ ఒప్పందం చేసుకుంది. పార్కు ఇప్పటికీ నగరానిదే, లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు.

కోనసీమలో ఎవరిని అడగాలి?

అమలాపురంలో అయితే మున్సిపాలిటీని, రాజోలు, కొత్తపేటల్లో అయితే గ్రామ పంచాయతీని అడగాలి. వరిచేలు, కొబ్బరితోటలు లేఅవుట్లుగా మారుతున్న ప్రాంతమిది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో కనీసం 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి, స్థానిక సంస్థకు రాసివ్వాలని రాష్ట్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ స్థలం ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

కమిటీ ఎలా?

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. తర్వాత స్థానిక సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. గేటు వేళలు, కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, టాయిలెట్ శుభ్రత, వానాకాలం నీళ్లు నిలిస్తే తోడించే బాధ్యత, కొబ్బరి చెట్ల ఫలసాయం ఎవరివో అందులో ఉండాలి. నోటిమాట మీద నడిస్తే అధికారి మారగానే మొత్తం మొదటికొస్తుంది.

బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయాలి. మసీదు కమిటీ లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టినట్టే, పార్కు జమాఖర్చులు కూడా గేటు దగ్గర అంటిస్తే చందా అడగడం తేలికవుతుంది.

జాగ్రత్తలు

నిర్వహణ చేతికొచ్చినంత మాత్రాన పార్కు కమిటీ సొంతం కాదు. చందా కట్టనివాళ్లను, పక్క వీధివాళ్లను ఆపే హక్కు దానికి లేదు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే స్థానికులు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పిచ్చింది. అక్కడ పార్కు నిలిచింది స్థానికులు పట్టించుకున్నందుకే. అందుకే కమిటీలో అన్ని వీధులవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఉండాలి.